ఎనిమిదో పేజీ

గది గుమ్మం ముందు చెప్పులు విడిచి, కాళ్లకంటిన నల్లరేగడి మట్టిని గోనెపట్టా మీద రెండుసార్లు రుద్దుకుని, అయినా లోపలికి అడుగు పెట్టకుండా తలుపు పక్కనే నిలబడ్డాడు యలమందయ్య. మిరప పరిశోధన క్షేత్రంలో ఆయన మేస్త్రీ. నారు పోయించడం దగ్గర్నుంచి కాయ కోయించడం దాకా ఇరవై రెండేళ్లుగా ఆ పొలం ఆయన చేతుల మీదే నడుస్తోంది. ఈ చల్లగదిలోకి మాత్రం రాడు. కంప్యూటరుకి దుమ్ము పడదని ఎవరో చెప్పారు. తన ఒంటి మీద దుమ్ము తప్ప ఇంకేముంటుందని ఆయన ఉద్దేశం.

"ఏం యలమందయ్యా?" అంది బాలసరస్వతి, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

"గుడ్డలు మిగిలినయ్యమ్మా."

"ఏం గుడ్డలు?"

"లిస్టులో ఉన్న మడికల్లా తెల్లగుడ్డ కట్టమన్నారు గదా సారు. చేలో నూట నలభై ఆరు మళ్లు. అన్ని ముక్కలూ చింపుకుని పోయా. నూట పన్నెండు కట్టేసరికి లిస్టు అయిపోయింది. ముప్పై నాలుగు గుడ్డలు జేబులోనే ఉన్నయ్యి." లాల్చీ జేబులోంచి ఓ గుప్పెడు తీసి చూపించాడు కూడా.

ఆ లిస్టు బాలసరస్వతి ముందురోజు బుధవారం అచ్చు వేసి, అడుగున సంతకం చేసి, ఆఫీసరు గురునాథం గారికి ఇచ్చింది. చేలో ఒక్కో మడిలో ఒక్కో రకం మిరప. ఒక్కో రకానికి కంప్యూటరులో ఒక్కో ఫైలు. మొక్క ఎత్తు, కాయ పొడవు, రంగు, తెగులు, అన్నీ యలమందయ్య కొలిచి కాగితాల మీద రాయించాడు. ఆమె నెలరోజులు కూర్చుని కొట్టింది. ఫైళ్లన్నీ వరసగా చదివి, మార్కులు వేసి, పై నుంచి కిందికి పేర్చమని యంత్రాన్ని అడిగింది. అది పేర్చింది. మొదటి పేజీ చూసింది, ఆఖరి పేజీ చూసింది. మొత్తం ఎన్నని మాత్రం లెక్కపెట్టలేదు.

"యంత్రం లెక్క తప్పదు యలమందయ్యా. ఆ మళ్ల కాగితాలు నువ్వే ఇచ్చి ఉండవు."

అనేసిందే గానీ, ఆ మాట నోట్లోంచి వచ్చిన తీరు ఆమెకే నచ్చలేదు.

ముసలాయన కోపం తెచ్చుకోలేదు. "మదార్‌బీ పేరు కొట్టేటప్పుడు మీరు నవ్వారు గదమ్మా. మిరపకాయకి మనిషి పేరేంటని. నేను ఆ కిటికీ అవతలే ఉన్నా. ఆ మడి గూడా లిస్టులో లేదు."

బాలసరస్వతి చెయ్యి ఆగిపోయింది. నిజమే, నవ్వింది.

"వినుకొండ అవతల ముసలమ్మ ఆవిడ. నలభై ఏళ్ల నుంచి ఇంటి విత్తనమే కట్టుకుంటా ఉంది. నేను పోయి అడిగితే కొంగు ముడి విప్పి గింజలు చేతిలో పోసింది. మంచిదో కాదో మీ ఆఫీసోళ్లే తేల్చండి నాయనా అంది. తేల్చకుండా పీకేస్తే ఆవిడకి ఏం చెప్పను?"

"పీకడమేంటి?"

"మీకు తెలవదా? సోమవారం హైద్రాబాదు నుంచి పెద్దోళ్లు వస్తున్నారంట. గుడ్డ లేని మడి చేలో ఉండకూడదన్నారు సారు. పనికిరానివి ఉంటే వాటి పుప్పొడి మంచివాటికి అంటుద్ది, ముడత తెగులు గూడా పాకుద్ది. అది నిజమేలే. శనివారం మధ్యాహ్నానికి పీకించమన్నారు. కూలికి పున్నమ్మ ముఠాకి కబురెట్టా."

ఆయన గుడ్డల్ని మళ్లీ జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు. బాలసరస్వతి కుర్చీలో కూర్చోలేకపోయింది.

ముందుగా మదార్‌బీ ఫైలు పేరు కొట్టి తెరవమంది. అలాంటి ఫైలు లేదంది యంత్రం. పక్క మడి పేరు కొట్టింది. అదీ లేదంది. ముప్పై నాలుగింటినీ గుర్తున్నంత వరకూ అడిగి చూసింది. ఇంట్లోనే ఉండి లేనని చెప్పించే పెద్దమనిషిలా ప్రతిసారీ అదే జవాబు. మూల కాగితాలు చూద్దామంటే అవి హైదరాబాద్‌లో ఉన్నాయి. కంప్యూటరు వచ్చాక కాగితాలతో పనేముందని గురునాథం గారు కిందటి వారమే మూట కట్టించి హెడ్డాఫీసుకి పంపేశారు.

గోళ్లు కొరుక్కుంటూ గదిలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది. అప్పుడు తట్టింది. డిస్కులో ఖాళీ ఎంత ఉందో అడిగింది. వచ్చిన అంకె చూసి కాగితం మీద తీసివేత చేసింది. నూట పన్నెండు ఫైళ్లు పట్టాల్సిన చోటు కంటే ఎక్కువే నిండి ఉంది. ఇంచుమించు ముప్పై నాలుగు ఫైళ్లంత ఎక్కువ.

అంటే ఉన్నాయి. ఎక్కడో ఉన్నాయి.

డిస్కులో మొట్టమొదట డైరెక్టరీ ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పేర్ల పట్టిక. బళ్లో హాజరు పట్టీ లాంటిదే. పేజీకి పదహారు పేర్లు పడతాయి. యంత్రం మాట నమ్మడం మానేసి, డిస్కుని ఉన్నదున్నట్టు చూపించే పనిముట్టు ఒకటి తీసి, పేజీ తర్వాత పేజీ తనే తెర మీదికి తెచ్చుకుంది. ఒకటి, రెండు, మూడు. ఏడో పేజీలో ఆఖరి పేరు లిస్టులో ఉన్న నూట పన్నెండో మడిది. పదహారు ఏడులు నూట పన్నెండు. వేలు మీట మీద ఒక్క క్షణం ఆగింది. నొక్కింది.

ఎనిమిదో పేజీ వచ్చింది. అంకెల గుంపు పక్కన, కుడివైపు, పేర్లు. తొమ్మిదో వరసలో మదార్‌బీ.

ఆమెకి ఒక్కసారిగా కళ్లు చెమర్చాయి. దొరికినందుకు కాదు, పొద్దున ముసలాయనతో అన్న మాట గుర్తొచ్చి.

గురునాథం గారు చెడ్డవాడేం కాదు. పనిమంతుడు. కాకపోతే ఆయన తొందర ఆయనకంటే రెండడుగులు ముందుండేది. ఆమె చెప్పిందంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"యంత్రం ఇచ్చిన లిస్టు. దాని కింద మీ సంతకం. మీ సంతకం చూసి నా సంతకం. నిన్ననే హైదరాబాద్ పంపాను. ఏరివేత కూడా కంప్యూటరే చేసిందనుకున్నానండీ నేను. ఇప్పుడు తప్పంటే ఎలా?"

"తప్పు నాదే సార్. లెక్క చూసుకోవాల్సింది."

"ఎవరిదని కాదండీ. సోమవారం వాళ్లొచ్చి అడిగితే నేను చూపించడానికి కాగితం కావాలి. మా అమ్మాయి డిస్కు లోపల పేర్లు కంటితో చూసిందండీ అంటే వింటారా? అదే యంత్రం నూట నలభై ఆరూ అచ్చు వేసి ఇచ్చిందనుకోండి, మారుమాట లేదు. శనివారం మధ్యాహ్నం లోపల ఆ కాగితం తీసుకురండి. లేదా చేను శుభ్రం చేయిస్తాను. ముడత మడి ఒక్కటి వాళ్ల కంటబడినా మన పరువు దక్కదు."

శుక్రవారం పొద్దున్నే హైదరాబాద్‌కి ట్రంక్ కాల్ బుక్ చేసింది. గంటన్నర. ఫోను పక్కనే స్టూలు మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, పెన్ను మూత కొరికి కొరికి చదును చేసింది. మోగీ మోగగానే అందుకుంది. యంత్రం తయారుచేసిన కంపెనీలో త్యాగరాజు అనే ఇంజనీరు.

"ఏడో పేజీ దగ్గర ఆగిపోతోందా?" అన్నాడు అటువైపు నుంచి. "అది నేను రాసిందేనండీ. ఎనభై మూడులో. అప్పుడు మాకు ఫ్లాపీలే గతి. ఫ్లాపీలో ఏడు పేజీలకి మించి ఉండవు. మీకిచ్చిన పెద్ద డిస్కులో ముప్పై రెండున్నాయి. పేరు రాసే భాగం మార్చాం. వెతికే భాగం..."

"మార్చలేదు."

"మర్చిపోయామండీ. ఇంతవరకూ ఎవరూ నూట పన్నెండు దాటలేదు."

"కొత్తది ఎప్పుడిస్తారు?"

"మే నెలలో."

"నాకు రేపు మధ్యాహ్నానికి కావాలి. ఇక్కడ ముప్పై నాలుగు మళ్లు పీకేస్తున్నారు."

మళ్లంటే ఏమిటో ఆయనకి అర్థమైందో లేదో. మూడు నిమిషాలైందని ఆపరేటరు మధ్యలో దూరింది. "రాసుకోండి," అన్నాడు త్యాగరాజు గబగబా. వెతికే భాగం ఎక్కడ మొదలవుతుందో ఆ చోటు నంబరు చెప్పాడు. "అధికారికంగా నేనేం చెప్పలేదండోయ్. ఫ్లాపీ మీద నకలు తీసి దాన్నే మార్చండి, అసలుదాన్ని ముట్టుకోవద్దు..." లైను తెగిపోయింది.

గదిలోకి పరుగులాంటి నడకతో వచ్చి ఆ భాగాన్ని యంత్రభాషలోనే అచ్చు వేయించుకుంది. ప్రింటరు గీపెడుతూ తొమ్మిది మడతల కాగితం కక్కింది. కిందపరిచి, మోకాళ్ల మీద కూర్చుని, పెన్సిలుతో ఒక్కో ఆజ్ఞ పక్కన తెలుగులో రాసుకుంటూ పోయింది. తెచ్చుకో. పోల్చు. కాకపోతే తర్వాతది. నాలుగో మడతలో దొరికింది: ఏడు. పక్కన ఏ వివరణా లేని ఒట్టి ఏడంకె. మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో ఎవరో టీ తాగుతూ వేసిన అంకె. ఆమెకి వెర్రికోపం వచ్చింది.

ఏడుని ముప్పై రెండు చేసింది. రోజూ పది గంటలకి కరెంటు పోతుంది. తొమ్మిదీ యాభైకి ఫ్లాపీ పెట్టి మొదలుపెట్టింది. లైటు వెలిగింది, డిస్కు గిరగిరలాడింది, తెర ఒక్కసారి మిటకరించి బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకు లేదు, పలుకు లేదు. మళ్లీ చేసింది. మళ్లీ బిగుసుకుంది. మూడోసారి చేసేలోపు కరెంటు పోయింది.

పది నుంచి రెండింటి దాకా ఆ చీకటిగదిలో ఉండలేక వరండాలోకి కాగితాలు తెచ్చుకుంది. ఎండలో చేను ఎర్రగా మెరుస్తోంది. తెల్లగుడ్డలు గాలికి ఊగుతున్నాయి. గుడ్డల్లేని భాగం కాలవ వైపు, చివర. యలమందయ్య కొలతలు రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టి కాలవ వైపు నడుస్తాడు. ఆమె అదే వరసలో కొట్టింది. అందుకే కాలవ వైపు మళ్లన్నీ పట్టికలో ఆఖరికి పడ్డాయి. రోడ్డు పక్క పుట్టి ఉంటే బతికేవి.

ఐదారుసార్లు చదివాక, సాయంత్రం ఆఫీసు మూసే వేళకి అసలు సంగతి కంటపడింది. త్యాగరాజు రాసిన భాగం ఏడు పేజీల్నీ ఒకేసారి తెచ్చి ఒక బల్ల మీద పరుస్తుంది. పరిచాక వెతుకుతుంది. బల్ల ఏడు పేజీలకే సరిపడా చేశాడు. ముప్పై రెండు తెమ్మంటే పాపం అది తెచ్చింది. మిగతా ఇరవై అయిదూ పక్కన ఉన్నవాటి మీద పడ్డాయి. ఆ పక్కన ఉన్నది ఆ యంత్రం బుర్రే. తన బుర్ర మీద తనే కాగితాలు పోసుకుని ఊపిరాడక చచ్చింది.

బల్ల పెంచడానికి చోటు లేదు. అన్నీ ఒకేసారి తేవడమెందుకు? ఒక పేజీ తేవాలి, చూడాలి, దాని మీదే ఇంకో పేజీ పరవాలి, పేర్లు అయిపోయేదాకా. బస్సులో కూర్చుని ఒళ్లో కాగితం పెట్టుకుని ఆ ఆజ్ఞలన్నీ చేత్తోనే రాసింది. నరసరావుపేట వచ్చిందని కండక్టరు రెండుసార్లు కేకేస్తే గానీ దిగలేదు. రాసిందాన్ని లెక్కేస్తే పాతదానికంటే ఇరవై ఆరు అక్షరాల చోటు ఎక్కువ కావాలి. ఇరుకింట్లో ఇరవై ఆరుగురు చుట్టాలని ఎక్కడ పడుకోబెట్టను? అద్దెగదిలో అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే ఉండగా ఆ ఖాళీ కోసమే వెతికింది.

దొరికిన చోటు తల్చుకుంటే ఆమెకే నవ్వొచ్చింది. యంత్రం పెట్టగానే తెర మీద కంపెనీవారి గొప్పలు మూడు వరసలు వస్తాయి. మేమే ముందు, మేమే మేలు అని. అందులో రెండు వరసలు కొట్టేస్తే కావలసినంత చోటు.

శనివారం మొదటి బస్సుకే వచ్చింది. ఏడుకల్లా గదిలో ఉంది. గొప్పల వరసల్లో పేరు ఉన్నది మాత్రం ఉంచి, మిగతావి తీసేసి, ఆ జాగాలో ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ తన ఆజ్ఞలు నింపింది. మొదటిసారి పెడితే ఎనిమిదో పేజీ దాకా వెళ్లి మళ్లీ మొదటి పేజీకి వచ్చి గానుగెద్దులా తిరగడం మొదలెట్టింది. ముందుకు దూకమనే ఒక ఆజ్ఞలో గెంతు రెండు అక్షరాలు తక్కువ వేసింది. సరిచేసింది. తొమ్మిదిన్నరకి మళ్లీ పెట్టింది.

పేర్లు వరసగా పైకి జరుగుతున్నాయి. నూట పది. నూట పన్నెండు. అక్కడ ఊపిరి బిగబట్టింది. నూట పదమూడు. మదార్‌బీ. నూట నలభై ఆరు. మొత్తం నూట నలభై ఆరు అని అడుగున అంకె. "అమ్మయ్య," అని పైకే అంది. గదిలో వినడానికి ఎవరూ లేరు.

మార్కులు వేసి పేర్చమంటే యంత్రం పావుగంట తీసుకుంది. తొమ్మిదీ యాభైకి ప్రింటరు మొదలైంది. అరవయ్యో పేరు సగంలో ఉండగా కరెంటు పోయింది. అయినా ఈ అరవై చాలు, నూట పన్నెండు దాటిన మడి నంబరు ఒక్కటున్నా చాలు అనుకుంటూ కాగితం చించుకుని చూసింది. నాలుగున్నాయి. అందులో ఒకటి రెండో స్థానంలో ఉంది. నూట నలభై అయిదో మడి, కనిగిరి మూడు అనే సంత రకం.

కాగితం పట్టుకుని వరండాలోకి వస్తే గురునాథం గారు ఎదురయ్యాడు. నిలబడే చదివాడు. రెండో పేరు దగ్గర వేలు ఆగింది.

"నూట నలభై అయిదా! ఎక్కడుందిది?"

"కాలవ గట్టున సార్."

ఆయన మొహంలో రంగు మారింది. "ఎండెక్కితే కష్టమని పున్నమ్మ వాళ్లని ఎనిమిదింటికే దింపమన్నానండీ... పరుగెత్తండి, ఆపమనండి!"

చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గట్ల వెంట పరుగెత్తింది బాలసరస్వతి. చెప్పు ఒకటి మట్టిలో దిగబడితే వదిలేసింది. దూరం నుంచే కేకలేసింది. కాలవ గట్టు దగ్గర ఆరుగురు ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. వాళ్ల వెనక మూడు మళ్లు బోసిగా ఉన్నాయి. పీకిన మొక్కలన్నీ గట్టు మీద ఒకే కుప్ప.

"ఏవైందమ్మగారూ?" అంది పున్నమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "మూడే అయినయ్యి. వేర్లు దిగినయ్యి, తొందరగా రావట్లా."

"ఏ మూడు?"

"ఆఖరివి. నూట నలభై ఆరు, అయిదు, నాలుగు."

యలమందయ్య నూట ఇరవై ఒకటో మడి పక్కన గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. అది మదార్‌బీ మడి. ఆమె దగ్గరికి వెళ్లి కాగితం చూపించింది. చదువు రాకపోయినా అంకెలు వచ్చు ఆయనకి. రెండో వరసలోని అంకె చూసి, కాలవ వైపు చూసి, మళ్లీ అంకె చూశాడు.

"చివర నుంచి ఎందుకు మొదలుపెట్టించావు యలమందయ్యా? వరసగా అయితే నూట పదమూడు నుంచి కదా రావాలి?"

ఆయన మట్టిబెడ్డ ఒకటి తీసి నలుపుతూ ఉండిపోయాడు.

"నూట పదమూడు నుంచి అయితే గంటలో మదార్‌బీ మీదికి వస్తారమ్మా. చివర నుంచి అయితే మధ్యాన్నం దాకా రారు. ఈలోపు మీరేదో ఒకటి చేస్తారనుకున్నా." బెడ్డ పొడి అయిపోయింది. "ఆ మూడూ సంత గింజలే గదా, పోతే పోయినయ్యిలే అనుకున్నా."

బాలసరస్వతి పీకిన కుప్ప వైపు చూసింది. సంతకం పెట్టిన చెయ్యి తనది. కోపం తెచ్చుకునే హక్కు కూడా లేకుండా పోయిందని ఉక్రోషం వచ్చింది.

"కాయలు?" అంది చివరికి. "వాటి కాయలేవి?"

పీకిన మడిలో పండుకాయ ముఠా వాళ్లది. అది అక్కడి ఆనవాయితీ. పున్నమ్మ గట్టు మీది గోనెసంచి చూపించింది. మూడు మళ్ల కాయలూ అందులోనే, కలిసిపోయి, సగం సంచి.

"ఇది మాకు కావాలి పున్నమ్మా."

"అదేందమ్మగారూ, మా కాయలు గదా! ఆరు ఇళ్లకి పచ్చడి."

"ఒసేయ్ పున్నీ, ఇయ్యవే," అన్నాడు యలమందయ్య లేస్తూ. "ఏరుకున్నాక మిగిలినయ్యి మీయే. అందాకా చెయ్యి పెట్టమాక."

సంచిని ఆయనే భుజాన వేసుకుని కల్లం దగ్గరికి మోశాడు. కాయలు ఎండబెట్టే చోట పట్టా పరిచి కుమ్మరించాడు. ఎర్రటి రాశి. ముందు కూర్చుని ఒక కాయ తీశాడు, తిప్పి చూశాడు. ఇంకోటి తీశాడు. రెంటినీ పక్కపక్కన పెట్టాడు. రెంటినీ మళ్లీ రాశిలో వేశాడు.

"మదార్‌బీ కాయ అయితే కళ్లకి గంతలు కట్టినా చెప్తానమ్మా. ఇదిగో, ఈటిని... నేనే కొలిచా. నా చేత్తోనే కొలిచా. ఎట్టా ఉంటదో ఒక్క ముక్క గుర్తు రావట్లా."

పన్నెండు గంటల ఎండ. కరెంటు రావాలంటే రెండు కావాలి. బాలసరస్వతి కల్లానికీ గదికీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలీదు. గురునాథం గారు ఒకసారి వచ్చి రాశిని చూసి, గొడుగు కింద కాసేపు నిలబడి, మజ్జిగ పంపించాడు. పూర్తి లిస్టు వచ్చేదాకా మిగతా మళ్ల జోలికి పోవద్దని, సోమవారం వచ్చేవాళ్లకి తనే చెప్పుకుంటానని పున్నమ్మతో అన్నాడు. ఆ మాట ఆయన బాలసరస్వతి మొహం చూస్తూ అనలేదు.

రెండూ అయిదుకి లైటు వెలిగింది. ముందు కనిగిరి మూడు ఫైలు తెరిచి అచ్చు వేసింది. తర్వాత మిగతా లిస్టు. పీకేసిన మిగతా రెండు మళ్లవీ అడుగు పేర్లే. మదార్‌బీ కోసం అరవై నుంచి కిందికి చదువుకుంటూ పోయింది. వందలోపు లేదు. నూట ఇరవైలో లేదు. నూట ముప్పై తొమ్మిదో పేరు మదార్‌బీ. ఇరవై మొక్కల్లో పదహారింటికి ముడత. కాయ పొట్టి, గింజ తక్కువ, రంగు మధ్యస్తం. ఆమె అక్కడే కుర్చీలో చతికిలబడింది. మూడు రోజులు నిద్ర లేకుండా, తిండి లేకుండా ఆ పేరుని పైకి లాగింది. వచ్చి చూస్తే దాని చోటు ఇది.

చెప్పకుండా ఉందామా అని ఒక్క క్షణం అనిపించింది. కాగితాలు రెండూ తీసుకుని కల్లానికి నడిచింది.

యలమందయ్య ముందు మదార్‌బీ సంగతే అడిగాడు. చదివి వినిపించింది, ఒక్కో అంకే. ఆయన తలూపుతూ విన్నాడు. పదహారు మొక్కలకి ముడత అన్నప్పుడు కళ్లు మూసుకున్నాడు.

"నేను రాయించిందే," అన్నాడు. "ఆ పదహారూ నేనే లెక్కపెట్టా. అయినా ఏమూలో ఆశ." పట్టా మీది కాయ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "సరే, రెండోది చదవండమ్మా. నిదానంగా."

ఆమె పట్టా మీదే కూర్చుని చదవడం మొదలుపెట్టింది. కాయ పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఆయన జేబులోంచి కొలపుల్ల తీసి కాయ పక్కన పెట్టాడు. ముచ్చిక పచ్చన, అంచు ముడుచుకుని ఉంటుంది. కొన కొద్దిగా ఎడమకి వంకర. భుజం దగ్గర సన్నటి నొక్కు. ఒక కాయ ఇటువైపు, పది కాయలు అటువైపు. అనుమానం ఉన్నదల్లా అటువైపే. పున్నమ్మ కాసేపు చూసి, చేతులు కడుక్కొచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆమె వెనకే మిగతా అయిదుగురూ. కాయ తీసి, చూపించి, ఆయన తలూపితే ఇటు, లేకపోతే అటు.

పొద్దు వాలేసరికి ఇటువైపు నలభై ఏడు కాయలు తేలాయి. ఒక్కో కాయలో అరవై, డెబ్బై గింజలుంటాయి. మడికి చాలు, ఇంకో మడికి కూడా చాలు. బాలసరస్వతి మూడుసార్లు లెక్కపెట్టింది.

అందరూ లేస్తుంటే పున్నమ్మ అడిగింది. "మామా, సోమారం లోపు ఇంకేమైనా తియ్యాలా?"

"సారు పైనుంచి వందో యాభయ్యో ఉంచుతారు. కిందవి తియ్యాల్సిందే."

"మరి మదార్‌బీ మడి?"

ఆయన చేతిలో అప్పటికింకా ఒక కాయ ఉంది. దాని కొన వైపు చూస్తున్నాడు.

"నూట ముప్పై తొమ్మిదో చోటంట. పీకెయ్యండి. నేను పోయి ఆవిడతో చెప్తాలే, చూశామమ్మా, చూసే తీశాం అని." ఆ కాయని వెలుతురుకి ఎత్తి పట్టుకుని బాలసరస్వతి వైపు తిరిగాడు. "ఎడమకే గదమ్మా వంకర? ఇంకోసారి చదవండి."

ఆమె చదివింది.